నీళ్లు పోసుకొన్యావా?

ఇట్లా దగ్గరికి జరగండి. గడప మీద వద్దు, లోపలికి రండి. గడప మీద కూర్చున్నవాళ్ళకు సగం కథే దక్కుతుంది, తక్కిన సగం వీధిలోకి పోతుంది. ఆ చెనిక్కాయల చాట కూడా ఇటు లాక్కోండి. చేతులు ఒలుస్తూ ఉంటే చెవులు సోమరిపోవు. ఇది రంగూన్ పైడమ్మ కథ. ఒకే ఒక్క మాటకు నాలుగు రోజులు ఏడ్చి, అదే మాటకు బతికినన్నాళ్ళూ నవ్విన మనిషి కథ.

అరవై ఐదో సంవత్సరం. ఉగాది పోయి పది రోజులు. బర్మా దేశంలో మనవాళ్ళను ఇక మీ దారి మీరు చూసుకోండన్న కాలం అది. ఓడలకు ఓడలు జనం దిగుతున్నారు. అట్లా మద్రాసులో దిగిన ఇద్దరు పాకాలలో రైలు మారి, కదిరిలో బస్సెక్కి, ఆ సోమవారం సాయంత్రం నల్లమాడ దారిలో ఒక పెద్ద రాతిగుండు పక్కన దిగారు. ఓబుళేసు ముందు, అతని భార్య పైడమ్మ వెనక. ఇద్దరికీ కలిపి ఒక రేకు పెట్టె, ఒక పరుపు చుట్ట.

ఓబుళేసుది ఈ పక్క ఊరే. పద్నాలుగేళ్ళ కిందట పని వెతుక్కుంటూ ఓడెక్కినవాడు. పైడమ్మ మాత్రం రంగూన్‌లోనే పుట్టింది. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి అక్కడ బియ్యం మిల్లులో కుదురుకున్న కుటుంబం వాళ్ళది. ఆమెకు ఇండియా అంటే వాళ్ళ నాన్న చెప్పిన మాటే. "అక్కడంతా మన మాటేనే అమ్మా. కుక్కనదిలించినా తెలుగులోనే అదిలిస్తారు" అనేవాడు.

బస్సు లేపిన దుమ్ము తగ్గగానే ఆమె కళ్ళు నీళ్ళను వెతికాయి. రేవు పక్కన పెరిగిన మనిషి ఎక్కడికి పోయినా ముందు నీళ్ళనే చూస్తుంది. ఇక్కడ చూస్తే ఎర్రమట్టి, నల్లగుండ్లు, కంపచెట్లు. ఆకాశం మాత్రం రంగూన్‌లో కంటే నాలుగింతలుంది. దూరంగా తెల్లగా ఒక గీత కనిపించింది.

"ఏటయ్యా, అదేనా ఏరు?"

"వంక."

"మరి నీళ్ళేవీ?"

"వానొస్తే వస్తాయి."

"వానెప్పుడొస్తాది?"

ఓబుళేసు పెట్టె నెత్తికెత్తుకుంటూ నవ్వాడు. "అది వానకు గూడా తెలీదు."

మట్టిమిద్దె ముందు అతని తల్లి గంగక్క నిలబడి ఉంది. అరవై ఏళ్ళ మనిషి, ఎండుకట్టెలాగా ఉంది. రెండు చేతులకూ మోచేతి దాకా పచ్చబొట్లు. దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలిపింది కానీ పళ్ళెం నిండా కాదు, అరచేయి తడిసేంత. కొడుకు చెంపలు పట్టుకుని "వచ్చినావా నాయనా" అంది. ఇంకో మాట అనేలోగానే ఊళ్ళో మగవాళ్ళు వచ్చి "ఏమప్పా ఓబుళేసా, మమ్మల్ని మరిసే పోయినావే" అంటూ అతన్ని రచ్చబండ దగ్గరికి తీసుకుపోయారు.

ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. గంగక్క కోడలి దగ్గరికి వచ్చింది. ఆమె చీరను చూసింది, మెడను చూసింది, అట్టకట్టిన జుట్టును చూసింది, మళ్ళీ పై నుంచి కిందికి చూసింది. జాలిగా అడిగింది.

"నీళ్లు పోసుకొని ఎన్ని దినాలాయ తల్లీ?"

పైడమ్మ వాళ్ళ వైపు ఆడది నీళ్ళోసుకుందంటే కడుపుతో ఉందని. అత్త కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా మొదటి మాటగా కడుపెన్ని రోజులదని అడుగుతోంది.

"నేదత్తా" అంది గొంతులోనే.

"లేదా? అసలుకే లేదా?"

తల వంచుకుని అడ్డంగా ఊపింది. కళ్ళలోంచి రెండు చుక్కలు ఎర్రమట్టి మీద పడ్డాయి.

"అయ్యో, ఏడవద్దులేమ్మా. ఓడల్లో రైళ్ళల్లో యాడ కుదురుతాది? ఇంగ ఈడికొచ్చినావు గదా. నేను చూసుకుంటా."

ఈవిడ చూసుకునేదేముంది ఇందులో అనుకుంది పైడమ్మ. ఆ రాత్రి చాప మీద వాలడమే తెలుసు, ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

తెల్లవారి లేచేసరికి ఓబుళేసు తడి జుట్టు దువ్వుకుంటున్నాడు. మగవాళ్ళకు ఎక్కడో ఏ బావో దొరుకుతుంది కాబోలు అనుకుని ఆమె ఆ తడి జుట్టు వైపు ఆశగా చూసింది. రంగూన్‌లో మూడుపూటలా రేవులో దిగిన ఒళ్ళు ఆమెది. ఇప్పుడు మోచేయి గోకితే గోటి నిండా మట్టి వస్తోంది.

ఓబుళేసు తాడిపత్రికి బయల్దేరుతున్నాడు. అక్కడ బండలు నునుపు పెట్టే చోట వాళ్ళ లింగప్ప మామ ఉన్నాడు, పని అడగాలి.

"మూడు దినాలు. శుక్రవారం సాయంత్రానికి వస్తా" అన్నాడు. గొంతు తగ్గించాడు. "అప్పటికీ నీకు ఈడ కుదరదనిపిస్తే చెప్పు. శనివారం పొద్దున బస్సుకే మీ అన్న తావకు విశాఖపట్నం పోదాం. నేనొక్క మాట అనను."

"మరి మీ అమ్మో?"

అతను తువ్వాలు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. గోడ అవతల పాడి ఎనుమును కట్టేస్తున్న గంగక్క తలుగుతాడు ముడి వేయడం ఆపింది. ఆమెకు వినిపించిందని పైడమ్మకు తెలిసింది.

మీ అమ్మ ఏమడిగిందో తెలుసా అని భర్తతో చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. మూడేళ్ళ కిందట ఆ సంగతి ఇద్దరూ మూట కట్టి పక్కన పెట్టారు. పొద్దున్నే, ప్రయాణమై పోయే మనిషి ముందు ఎవరు విప్పుతారు?

అతను పోయాక గంగక్క సంగటి పెట్టింది. నల్లని ముద్ద, మధ్యలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి, పక్కన చారు. పైడమ్మ చూసి, విరిచి నోట్లో పెట్టుకుని నమిలింది. నమిలేకొద్దీ పళ్ళకు అంటుకుంది, అంగిలికి అంటుకుంది.

"నమలద్దమ్మా! సంగటిని నువ్వు నమిల్తే అది నిన్ను నములుతాది. మింగల్ల, ఇట్ల." గంగక్క ఒక ముద్ద చారులో దొర్లించి గుటుక్కున మింగి చూపించింది. పైడమ్మ కూడా మింగింది. కన్నీళ్ళొచ్చాయి. గంగక్క ఆ కన్నీళ్ళను చూసి వీపు నిమిరింది, చెవి దగ్గరికి వంగి మెల్లిగా, బతిమాలుతున్నట్టు అంది.

"బేగిన నీళ్లు పోసుకో తల్లీ. సిగ్గుపడద్దు. నిన్నట్ల చూస్తే నాకు సంతోషమైతాది."

పైడమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఇంటి వెనక ఒక వింత చూసింది. తడక చాటున మూడు రాళ్ళ మీద కడవెడు నీళ్లు. గంగక్క పిడకలు రాజేసి వాటిని కాచింది. చేయి పెట్టి వేడి చూసింది, మళ్ళీ కొంచెం చల్లనీళ్లు కలిపింది. ఇంట్లోకి వచ్చి కోడలి ముఖం చూసింది, తడక వైపు చూసింది, దగ్గింది. కాసేపు గడప దగ్గర కూర్చుంది. పొద్దు గుంకాక లేచి వెళ్ళి ఆ కడవ నీళ్లు మొత్తం ఎనుము తొట్టిలో పోసింది. ఎనుము హాయిగా తాగింది.

ఈ ఊళ్ళో ఎనుముకైతే వెచ్చనీళ్లు, మనిషికి చెంబెడు మంచినీళ్లు అనుకుంది పైడమ్మ. చెంబులో సగం తాగి, తక్కిన సగంలో చీర కొంగు ముంచి, తలుపు వేసుకుని మెడా చంకలూ తుడుచుకుంది. కొంగు ఎర్రగా అయింది. అడగవచ్చు కదా అంటారా? నీళ్లు కావాలని ఎట్లా అడుగుతుంది? పొద్దున లేచినప్పటి నుంచి ఈ ఊరంతా నీళ్ళ గురించే మాట్లాడుతోంది. అదీగాక, ఆమె ఏదన్నా అడిగితే ఆ అత్త మళ్ళీ ఆ మాటే తీస్తుంది.

బుధవారం ఆమె పెట్టె తెరిచి తనకా చెక్కను తీసింది. రంగూన్ ఆడవాళ్ళు ఆ చెక్కను సానరాతి మీద రెండు చుక్కల నీళ్ళతో అరగదీసి ఆ గంధం చెంపలకు పూసుకుంటారు, చల్లగా ఉంటుంది. స్నానం లేని మనిషికి అదొక్కటే ఊరట. పూసుకుని వాకిట్లోకి వచ్చింది. పక్కింటి రామక్క కసువు ఊడుస్తోంది. నడుము కూడా ఎత్తకుండా, తిన్నావా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"ఏమ్మే రంగూన్ కోడలా, నీళ్లు పోసుకొన్యావా?"

ఇక్కడ ఆడదాని కడుపు సంగతి గోడ మీంచి అడుగుతారా! పైడమ్మ చెంపలు గంధం కింద మండిపోయాయి. "నేదు" అంది.

"ఇంగా లేదా!" రామక్క ఇప్పుడు నడుమెత్తింది. "నీళ్లు పోసుకోకుండానే మొగానికి ఆ పసుపేందే? మాయత్తయితే ఈపాటికి వీపు మీద ఒకటి పెట్టుండు. గంగక్కకు ఓర్పెక్కువలే, దినమ్మూ నీ కోసమని సావలేక సస్తాండాది."

"వచ్చి రెండు రోజులే కదమ్మా అయింది" అంది పైడమ్మ, ఏడుపు మింగి.

"రెండు దినాలు తక్కువనా? మాకు రెండు పూటలైతేనే ఒళ్ళు గీరుకుంటాది!"

పైడమ్మకు ఆ జవాబు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోవడం కూడా అవమానంగానే తోచింది. రంగూన్‌లో బర్మావాళ్ళ మాట పరాయిదని తెలుసు, నేర్చుకుంది. ఇక్కడ తన మాటే తనకు పరాయిదయింది. యాడ, ఈడ, ఉండాది, పోతాండాది. అక్షరాలన్నీ తెలిసినవే, కలిపితే వేరే దేశం. ఒక్క ఆ మాట మాత్రం ఎవరన్నా స్పష్టంగా వినిపిస్తుంది.

ఆ సాయంత్రం మళ్ళీ కడవ, మళ్ళీ పిడకల మంట, మళ్ళీ గంగక్క దగ్గు, మళ్ళీ ఎనుము.

గురువారం తెల్లారుజామున గంగక్క కడవలెత్తుకుంటుంటే పైడమ్మ తనూ వస్తానంది. ఇంట్లో ఒక్కతే ఉంటే గోడ మీంచి ఎవరు ఏమడుగుతారోనని భయం.

"నువ్వు ఎత్తలేవమ్మా, మైలు దూరం."

"సిన్నది ఇయ్యత్తా."

ఎండిపోయిన వంకలో ఇసుకను నడుములోతు తోడితే అడుగున నీళ్లు ఊరతాయి. ఆ గుంటనే చెలమ అంటారు. ఊరికి ఎండాకాలమంతా అదే ఆధారం. ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఒకామె గుంటలోకి దిగి కొబ్బరిచిప్పతో తోడుతుంది. నాలుగు చిప్పలు తోడగానే నీళ్లు అయిపోతాయి. అప్పుడు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చోవాలి. ఇసుకలోంచి నీళ్లు కళ్ళలో ఊరినట్టు ఊరతాయి. మళ్ళీ నాలుగు చిప్పలు. కడవ మూతికి గుడ్డ కట్టి ఆ గుడ్డ మీదుగా పోస్తారు, ఇసుక పైన నిలుస్తుంది. ఎవరూ తొందరపడరు, ఎవరూ ఒక్క చిప్ప ఒలకబోయరు. పైడమ్మ గుడ్లప్పగించి చూసింది. ఇదే వారం రంగూన్‌లో తింజాన్ పండగ. వాళ్ళ కొత్త సంవత్సరానికి వీధుల్లో పీపాలు పెట్టుకుని దారినపోయే ప్రతివాడి మీదా నీళ్లు కుమ్మరిస్తారు. పోలీసునూ వదలరు, ముసలివాళ్ళనూ వదలరు. ఆ సంగతి ఇక్కడ చెబితే తనను పిచ్చిదంటారు.

ఆమె పోయి కూర్చుంటే పక్కనున్న ఇద్దరు కొంచెం జరిగారు. ఒకామె ముక్కు మీదికి కొంగు లాక్కుంది. గొడ్రాలి గాలి సోకుతుందని కాబోలు అనుకుంది పైడమ్మ.

గంగక్క తన వంతు కడవ నింపుకుంది. నింపుకుని ఇంటిదారి పట్టలేదు. వంక వెంబడి ఇంకా ఇరవై అంగలు పోయి, ఒక చిన్న కొత్త గుంట దగ్గర కూర్చుని చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టింది. కుక్కపిల్ల తవ్వినట్టు, రెండు చేతులతో. ఆమె గోళ్ళ చివర్లు చిట్లి ఉన్నాయి.

"అదెందుకమ్మా, అక్కడ వేరేగా తవ్వుతోంది?" అని పైడమ్మ రామక్కనడిగింది.

"ఇంకెందుకు? నీ కోసరమే. ఇంటికొక కడవే గదా ఈడ లెక్క. నువ్వు నీళ్లు పోసుకోవల్లని మంగళవారం నుంచి తవ్వుతాండాది ముసల్ది. నువ్వేమో బెల్లంకొట్టిన రాయి మాదిరి ఉండావు!"

పైడమ్మకు అప్పుడు తట్టింది. ఇదేదో మొక్కు. కోడలికి కడుపు పండాలని అత్త వంకలో గుంట తవ్వే మొక్కు. ఊరందరికీ తెలిసే జరుగుతోంది. తనకొక్కదానికే తెలియదు. ముక్కు మీద కొంగులు అందుకే.

ఇంటికి వచ్చి రేకు పెట్టె ముందు కూర్చుంది. తనకా చెక్కా సానరాయీ అడుగున పెట్టింది. రెండు చీరలు మడిచింది. రేపు ఆయన వస్తాడు. ఎల్లుండి పొద్దున బస్సు. విశాఖపట్నంలో అన్న ఉండే చోట గుడిసె చిన్నదే, కానీ అక్కడ నలుగురూ తన మాటే మాట్లాడతారు, సముద్రం కనిపిస్తుంది. ఆ సాయంత్రం గంగక్క తలుపు దగ్గరికి వచ్చి మూసిన పెట్టెను చూసింది. చూసి, వెనక్కి పోయింది. కడవ కాగింది, చల్లారింది, ఎనుము తాగింది.

శుక్రవారం పొద్దు నడినెత్తి దాటాక గంగక్క ఇక ఆగలేకపోయింది. దీపం గూడు తుడిచి, వత్తి వేసి, చేతిలో ముంతతో కోడలి ముందుకొచ్చి నిలబడింది.

"చూడమ్మా, నాలుగు దినాలు నోరు మూసుకున్యా. ఈపొద్దు శుక్రవారం. ఇంట్లో దీపం పెట్టల్ల. ఈపొద్దన్నా నీళ్లు పోసుకో."

పైడమ్మ కూడా నాలుగు రోజులు నోరు మూసుకుంది. అది కూడా తెరుచుకుంది. "ఈ రోజంటే ఈ రోజే ఎలగవుద్దత్తా? అది నా సేతిలో ఉందేటి?"

"నీ చేతిలో లేకుంటే ఎవురి చేతిలో ఉండాది? నేనొచ్చి పోయల్లా?"

"దేవుడియ్యాల. ఆపైన మీ అబ్బాయి కూడా ఊళ్ళో నేడు."

గంగక్క నోరు తెరిచింది. "నువ్వు నీళ్లు పోసుకునేదానికి వాడెందుకే?"

ఈసారి నోరు తెరవడం పైడమ్మ వంతయింది.

"నిజం చెప్పు" అంది గంగక్క దగ్గరికి వచ్చి. "నేనేమీ అనుకోను. కడాకు నువ్వు నీళ్లు పోసుకొనింది ఎప్పుడు?"

"మూడేళ్ళ కింద." అంది పైడమ్మ. "ఒక్కపాలే."

గంగక్క చేతిలో ముంత జారి గచ్చు మీద దొర్లింది. "మూడేండ్లా! ఓ నరసింహసామీ! మూడేండ్లు ఒంటి మీద చుక్క పడకుండా ఎట్ల ఉండావే? నా కొడుకు ఎట్ల ఉండాడే నీతో? వాడు చంటిబిడ్డప్పట్నుంచి దినానికి రెండుసార్లు నీళ్లు పోసుకునేటోడు. మొన్న పొయ్యే పొద్దున గూడా నీళ్లు పోసుకొనే పోయె!"

"ఎవరు?"

"ఎవరేంది, వాడే. నీ మొగుడు."

"మీ అబ్బాయి... నీళ్ళోసుకున్నాడా?"

"ఆఁ, పోసుకున్యాడు. తడక చాటున. అరకడవ."

బయట ఎనుము నెమరేస్తోంది. పైడమ్మ అత్త ముఖం చూసింది. తలుపులోంచి తడక చూసింది. మూడు రాళ్ళ మీద కడవ, కింద పిడకల బూడిద. కడవ పక్కన బండ మీద కుంకుడుకాయల పులుసు ఒక చిప్పలో, మడతపెట్టిన తువ్వాలు ఒకటి. ఆ తువ్వాలు నాలుగు రోజులుగా అక్కడే ఉంది. దాని మీద మడత కూడా చెదరలేదు.

"ఓలమ్మ" అంది. "ఓలమ్మో!" నోటి మీద చేయి వేసుకుంది. చేయి ఆగలేదు. నవ్వు ముక్కులోంచి వచ్చింది, కళ్ళలోంచి వచ్చింది. గోడకానుకుని జారి కింద కూర్చుని నవ్వింది. "తానం! అత్తా, నువ్వడిగినది తానం గురించా?"

"తానమంటే ఏందే?"

పైడమ్మ ఖాళీ ముంత ఎత్తి తల మీద కుమ్మరించుకున్నట్టు చూపించింది.

"అవును. మరి అది గాక ఇంగేమి? నీళ్లు పోసుకోడమంటే నీళ్లు పోసుకోడమే గదా. నువ్వేమనుకుంటివి?"

నవ్వు మెల్లగా ఆగింది. పైడమ్మ ముంత దింపి, పొట్ట మీద చేయి పెట్టుకుంది.

గంగక్క ఆ చేతిని చూసింది. సోమవారం నుంచి తను అన్న ఒక్కొక్క మాటా వెనక్కి నడిచి వస్తున్నట్టు ఆమె ముఖం మారుతూ పోయింది. ఎన్ని దినాలాయ తల్లీ. సిగ్గుపడద్దు. బేగిన పోసుకో. ఆమె కోడలి పక్కన చతికిలబడింది.

"నా నోట్లో మన్ను పడ. నాలుగు దినాలుగా నేను అదడుగుతాండాననుకున్యావా?" కోడలి మోకాలి మీద చేయి వేసింది. చిట్లిన గోళ్ళలో ఇంకా ఇసుకుంది. "వాడు జాబు రాపిచ్చినాడమ్మా అప్పుడే. బడి అయివారు చదివిపెట్టినాడు. పాప పుట్టి పోయింది, పైడమ్మ కాడ ఆ మాటెత్తద్దు అని. నేనెత్తుతానా? సచ్చినా ఎత్తను."

పాప. మూడేళ్ళలో ఇంకొకరి నోట ఆ మాట రాలేదు. పోయింది, నిలవలేదు అన్నారే గానీ పాప అని ఎవరూ అనలేదు. పైడమ్మ అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇది ఆ నాలుగు రోజుల ఏడుపు కాదు. ముసలామె కదలకుండా కూర్చుంది.

కాసేపటికి గంగక్కే అంది, "నేనేమనుకున్యానో తెల్సా? పెద్ద ఏటి పక్కన బతికిన మనిషి, ఈ చెలమ నీళ్లు ఆనలేదు అనుకున్యా. కడవ ముట్టుకోకుంటే, పెట్టె మూస్తే, ఇంగ పోతాదిలే అనుకున్యా. నువ్వు పోతే వాడూ పోతాడు."

"మరి ఎనుముకెందుకు పోసినావు?"

"చల్లారిపోయినంక పారబొయ్యల్లా? నీ పేరు చెప్పి మూడు దినాలు అది భోగం చేసింది. లే, లే. ఈపొద్దు దానికి లేవు."

తడక చాటున బండ మీద పైడమ్మ కూర్చుంది. గంగక్క ముంతతో తోడి చూసి, మోచేతి మీద ఒలకబోసుకుని వేడి సరిచూసి, మొదటి ముంత ఆమె తల మీద పోసింది. నీళ్లు జుట్టు లోపలికి, మెడ మీదికి, వీపు మీదికి దిగాయి. పైడమ్మ ఊపిరి బిగబట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఏట్లో మునిగిన ఒళ్ళు, ఒక్క ముంత నీళ్లు ఎంత దూరం పోతాయో ఆనాడే తెలుసుకుంది. గంగక్క కుంకుళ్ళతో రుద్దింది, వీపు మీద అరచేత్తో గట్టిగా తోమింది. "అబ్బ, మద్రాసు మన్ను, కదిరి మన్ను, అన్నీ ఈడనే ఉండాయి" అంది. బండ మీంచి జారిన ఎర్రనీళ్లు చిన్న కాలువలోంచి పోయి గోంగూర మొక్కల దగ్గర ఇంకాయి. ఒక్క చుక్క దారి తప్పలేదు.

ఆ రోజు రంగూన్‌లో పండగకు కడపటి రోజు. వీధి వీధిలో నీళ్లు పోస్తూ ఉంటారు. పైడమ్మ కళ్ళు మూసుకుని, "ఇంకొక్క ముంత, అత్తా" అంది.

"ఒక్కటేంది, ఇంగా సగం కడవుండాది."

తల తుడిచి, ఉతికిన చీర కట్టించి, గంగక్క వాకిట్లోకి వచ్చింది. నాలుగు రోజులు ఊరి నోట పడ్డ మాట కదా, ఊరి చెవిన వేయకుండా ఉంటుందా? గోడ దగ్గర నిలబడి గొంతెత్తింది.

"మేయ్ రామక్కా! మా కోడలు నీళ్లు పోసుకొనింది!"

లోపల జుట్టు ఆరబెట్టుకుంటున్న పైడమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆమె చెవికి ఆ కేక ఎట్లా వినిపించి ఉంటుందో మీరే అనుకోండి.

"ఎప్పుడు?" అంది రామక్క గోడవతల.

"ఇప్పుడే!"

సరిగ్గా అప్పుడు సందు మలుపులో దబ్బున ఏదో పడింది. ఓబుళేసు. తాడిపత్రి నుంచి వచ్చినవాడు నెత్తి మీది మూట వదిలేసి, చెప్పులు ఒకటి అక్కడ ఒకటి ఇక్కడ విడిచి, ఒక్క ఉరుకున లోపలికి వచ్చాడు. "నిజమా? పైడీ, నిజమేనా?" అంటూ ఆమె చేతులు పట్టుకున్నాడు. ఆ కళ్ళలో అంత ఆశ.

పైడమ్మ అతన్ని చూసింది, గడపలో నిలబడ్డ అత్తను చూసింది. పద్నాలుగేళ్ళు పరాయి దేశంలో ఉండి, కట్టుకున్నదాని మాటే తన మాట చేసుకున్న మనిషికి ఇప్పుడు కన్నతల్లి మాట అర్థం కాలేదు.

"తానం అయ్యా, తానం" అంది. "మీ అమ్మ నాకు తానం సేయించింది."

అతను తల్లి వంక చూశాడు, భార్య తడి జుట్టు వంక చూశాడు. ఏదో తెలిసింది, ఏదో తెలియలేదు. "అంటే... నీళ్లు పోసుకోడమా?" అన్నాడు అయోమయంగా. ఇద్దరాడవాళ్ళూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. గోడవతల రామక్క, "ఏమ్మే, ఏందే ఆ నవ్వు, మాగ్గూడా చెప్పండే!" అని అరుస్తూనే ఉంది.

ఆ సందట్లోనే ఓబుళేసు మూలన మూసిన పెట్టెను చూశాడు. నవ్వు తగ్గించాడు. "లింగప్ప మామ పని ఉందన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు. ఏమి చెప్పేది, నేనేమీ ఒప్పుకోలేదు" అన్నాడు. "మరి రేపు పొద్దున బస్సు..."

గంగక్క దీపం వెలిగిస్తూ వెనక్కి తిరగలేదు. అగ్గిపుల్ల ఆమె వేలి దాకా కాలింది.

"బస్సు దాని దారిన అది పోతాది" అంది పైడమ్మ. "రేపు పొద్దున నాను అత్తతో సెలమకెల్లాల. ఆ కొత్త గుంట ఇంకా సరిగ్గా తవ్వనేదు. ఆవిడ గోళ్ళు సూడు." పెట్టె తెరిచి తనకా చెక్కను పైకి తీసింది. "నువ్వు సోమారం పనిలోకెల్లు."

అదీ కథ. పైడమ్మ మన మాట నేర్చుకుంది, గంగక్క తానం అనడం నేర్చుకుంది. ఆ వంక ఒడ్డున ఆడవాళ్ళు చాలా ఏళ్ళు తానం చేసినావా అని ఒకరినొకరు అడిగి నవ్వుకునేవాళ్ళు. చాటలో కాయలన్నీ అయిపోయినట్టున్నాయి, పొట్టు ఎనుముకు పెట్టండి. ఈ కథను మాత్రం పారేసుకోకండి. మీ ఇంటికి ఏ దేశం నుంచైనా కొత్తమనిషి వచ్చి, మీరన్న మంచిమాటకు కంటతడి పెట్టుకుంటే, గంగక్కనూ పైడమ్మనూ తలచుకోండి. ముందు వాళ్ళకు కడవెడు నీళ్లు పెట్టండి. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, నేను చెప్పినట్టే ఈ కథ చెప్పండి.